పౌడర్ బోర్డు కొనే ముందు

పోయిన మార్చి, ఏప్రిల్ నెలల్లో మా ఇంట్లో ఒకటే మాట. అన్నం దగ్గర కూర్చుంటే అదే, కార్లో కూర్చుంటే అదే. మా అమ్మాయికి కొత్త స్నోబోర్డు కావాలి. మామూలుది కాదు, లోతైన కొత్త మంచులో వెళ్ళే "పౌడర్ బోర్డు". ఉన్నది బాగానే ఉందిగా అని మావారు. అది పనికిరాదు అని అది. మధ్యలో నేను. మంచు మీద రెండడుగులు వేస్తే మూడో అడుగుకి కూలబడే మనిషిని.

మేముండేది సియాటిల్ దగ్గర. ఇక్కడ మన తెలుగు పిల్లలు చాలామంది శీతాకాలం శనివారాల్లో కొండకి వెళ్తారు. మనకి స్కీయింగూ రాదు, బోర్డూ రాదు కనక అద్దె డబ్బులో, పాసు డబ్బులో ఇచ్చి, "జాగ్రత్త" అని ఒక మాట అని పంపేస్తాం. నేనూ అంతే చేశాను. ఆ పద్ధతి తప్పు అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఫిబ్రవరిలో ఒక శనివారం రెండడుగుల కొత్త మంచు పడింది. మా అమ్మాయి, దాని స్నేహితురాలు చెట్ల మధ్యనుంచి దిగుతున్నారు. మా అమ్మాయి ఒక ఫర్ చెట్టు మొదట్లో తలకిందులుగా పడిపోయింది. వెనకాల వస్తున్న పిల్ల చూసింది కాబట్టి, పక్కనుంచి మంచు తవ్వి మొహానికి గాలి తగిలేలా చేసి, తర్వాత బయటికి తీసింది. రెండు వారాల తర్వాత కొత్త బోర్డు ఎందుకు కావాలో వాదించే ఊపులో, "అందుకే ఆ రోజు పడ్డాను" అని నోరు జారింది. అప్పటిదాకా మాకు తెలియదు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తెల్లారి నా మొదటి మాట: ఇంక కొండా లేదు, బోర్డూ లేదు. రాజమండ్రి నుంచి మా అమ్మ కూడా ఫోన్లో, "ఆడపిల్లకి ఆ మంచు మీద గంతులేంటే" అంది. మా అమ్మాయి ఏడవలేదు, అరవలేదు. "అమ్మా, వచ్చే ఏడు నేను కాలేజీలో ఉంటాను. అప్పుడు నిన్ను అడగక్కర్లేదు. ఇప్పుడైతే అడుగుతున్నాను" అంది. అది బెదిరింపు కాదు, నిజం. వద్దు అనే మాటకి నా చేతిలో ఇంకో ఆరు నెలలే గడువుంది. ఆ ఆరు నెలలూ వద్దు అంటూ గడపడం కన్నా, దానితో కూర్చుని ఎంచుకోవడం మేలు అనిపించింది.

ముందు మంచు గురించి. వీడియోల్లో కుర్రాళ్ళు నడుము లోతు మంచులో పొగలా లేపుకుంటూ వెళ్తుంటారు చూడండి, అవి ఎక్కువగా యూటా, అలాస్కా, జపాన్‌లో హొక్కైడో లాంటి చోట్ల తీసినవి. యూటా మంచు పొడిగా, ముగ్గుపిండిలా వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. మా వాషింగ్టన్ కొండల మంచు అలా కాదు. పసిఫిక్ సముద్రం తేమతో వచ్చి పడుతుంది కాబట్టి అరిసెలకి కొట్టిన తడిపిండిలా ఉంటుంది, పిడికిలి పడితే ముద్దవుతుంది. ఇక్కడి వాళ్ళు దాన్ని సరదాగా "కాస్కేడ్ కాంక్రీట్" అంటారు. పడడం మాత్రం తక్కువ కాదు. మౌంట్ బేకర్ దగ్గర 1998-99 శీతాకాలంలో 1,140 అంగుళాల మంచు పడింది. అంటే దాదాపు 29 మీటర్లు. ప్రపంచ రికార్డు అది. అందుకని మా అమ్మాయికి నేను పెట్టిన మొదటి షరతు: వీడియోలో మంచుకి కాదు, మన మంచుకి బోర్డు చూడు.

తర్వాత బోర్డు. దాని పాత బోర్డు 142 సెంటీమీటర్లది, ముందూ వెనకా ఒకే ఆకారం. మూడేళ్ళ క్రితం అది 47 కిలోలున్నప్పుడు కొన్నాం. ఇప్పుడు 58 కిలోలు. చీర కొన్నట్టు ఎత్తు చూసి బోర్డు కొంటారని నేను అనుకునేదాన్ని. ఎత్తు కన్నా బరువు ముఖ్యమట. ప్రతి బోర్డుకీ ఎన్ని కిలోల నుంచి ఎన్ని కిలోల వాళ్ళకి సరిపోతుందో తయారుచేసినవాళ్ళు పట్టిక ఇస్తారు. అందులో పిల్ల పేరు ఎప్పుడో దాటిపోయింది, మేము చూసుకోలేదు. చెప్పుల సైజు మాత్రం ఏటా చూసుకున్నాం!

లోతు మంచులో ఏమవుతుందంటే, ముందూ వెనకా సమానంగా ఉన్న చిన్న బోర్డుకి ముక్కు మునిగిపోతుంది. మునగకుండా ఉండాలంటే మనిషి బరువంతా వెనక కాలి మీద వేసుకుని వాలి నిలబడాలి. పది నిమిషాలకే ఆ తొడ మండిపోతుంది. అలిసిన కాలితో చెట్ల మధ్య మలుపు తిప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. మా పిల్ల మాటలో నిజం అక్కడే ఉందని నాకు అర్థమైంది.

పౌడర్ బోర్డు చేసే పని ఇదే. ముక్కు పొడుగ్గా, వెడల్పుగా ఉంటుంది. తోక పొట్టిగా, ముక్కు కన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు ఇరుగ్గా ఉంటుంది. కాళ్ళు బిగించే చోటు మధ్యలో కాకుండా కొంచెం వెనక్కి జరిగి ఉంటుంది. ముక్కు దగ్గర పడవలా పైకి వంపు తిరిగి ఉంటుంది. దాంతో తోక కొంచెం దిగి, ముక్కు తనంత తానే పైకి లేస్తుంది. గోదావరిలో నాటు పడవ ముక్కు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

కొన్ని బోర్డులు పూర్తిగా అరటిపండులా వంపు తిరిగి ఉంటాయి. అవి లోతు మంచులో బాగా తేలతాయి కానీ గట్టి మంచు మీద అంచు సరిగ్గా పట్టదు. కొన్నింటికి ముందు పైకి వంపు, వెనక కాలి కింద విల్లులా గట్టి వంపు. ఇవి రెండుచోట్లా సర్దుకుపోతాయి. చేపతోకలా రెండుగా చీలిన తోక ఉన్న పొడుగు బోర్డులు కూడా ఉన్నాయి. మా అమ్మాయి మనసు దాని మీదే ఉంది. చూడ్డానికి నిజంగానే బాగుంది, గోడకి తగిలించుకోవచ్చు.

ఇక్కడ మావారి లెక్క నాకు నచ్చింది. "మనం వెళ్ళేది శని ఆదివారాలే. ఏడాదికి పన్నెండు, పదిహేను రోజులు. అందులో లోతు మంచు నాలుగైదు రోజులు దొరికితే గొప్ప. ఆ నాలుగు రోజుల్లో కూడా పదకొండు గంటలకల్లా జనం తొక్కేసి గుంతలు గుంతలు చేసేస్తారు" అన్నారు. నిజమే కదా. పొద్దున రెండు గంటలు తేలి, మిగతా రోజంతా జారిపడే బోర్డు మాకెందుకు? ఉన్న బోర్డు చాలన్న ఆయన మాటా నిలవలేదు, పొడుగు చేపతోకే కావాలన్న దాని మాటా నిలవలేదు. ముందు తేలేది, వెనక పట్టు ఉండేది, చెట్ల మధ్య తేలిగ్గా తిరిగేది కావాలి. అదీ మా ముగ్గురం ఒప్పుకున్న మాట.

దుకాణంలో ఇంకో సంగతి. మేము లోపలికి వెళ్ళగానే అక్కడున్న అబ్బాయి ఆడవాళ్ళ బోర్డుల వరసకి తీసుకెళ్ళాడు. ఆడవాళ్ళ బోర్డు అంటే ఏమిటని అడిగాను. పాదం చిన్నది కాబట్టి నడుము దగ్గర ఇరుగ్గా, బరువు తక్కువ కాబట్టి కొంచెం మెత్తగా చేస్తారట. ఆ కారణం న్యాయమైనదే. బూటు చిన్నదై బోర్డు మరీ వెడల్పైతే ఒక అంచు మీంచి ఇంకో అంచుకి తిప్పడం బరువు. బూటు పెద్దదై బోర్డు ఇరుకైతే వేళ్ళు మంచుకి రాసుకుని పడతారు. కానీ పౌడర్ బోర్డుల్లో పొట్టిగా, వెడల్పుగా చేసే రకం ఉంది. మామూలుగా వాడే దానికన్నా నాలుగైదు సెంటీమీటర్లు చిన్నది తీసుకుంటారు దాన్ని. అలాంటివి మగపిల్లల వరసలో ఎక్కువ కనిపించాయి. బరువు, బూటు సైజు చెప్పి రెండు వరసలూ చూపించమన్నాను. మీ ఇంట్లో ఆడపిల్ల ఉంటే మీరూ అలాగే అడగండి. బోర్డుకి తెలిసేది బరువూ పాదమూ, ఆడా మగా కాదు.

ఆడపిల్లకెందుకన్న మా అమ్మకి నేను ఒక కథ చెప్పాను. 1965 క్రిస్మస్ రోజున మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఆయన తన ఆడపిల్లలు ఆడుకోవడానికి రెండు స్కీలు పక్కపక్కన కలిపి బిగించాడు. ఆయన భార్య దానికి "స్నర్ఫర్" అని పేరు పెట్టింది. ముక్కుకి తాడు కట్టి, పట్టుకుని జారేవాళ్ళు. స్నోబోర్డు అక్కడినుంచి వచ్చింది. ఆడపిల్లల కోసం పుట్టిన ఆటే అమ్మా ఇది, అన్నాను. "సరేలే, ఎముకలు జాగ్రత్త" అంది.

చివరికి తీసుకున్నది 148 సెంటీమీటర్లది. ముక్కు వెడల్పు, తోక కొంచెం ఇరుకు, వెనక కాలి కింద గట్టి వంపు. కొత్తవి ఐదొందల డాలర్ల పైమాటే ఉన్నాయి. మేము ఏప్రిల్ చివర, పోయిన సీజన్‌ది తగ్గింపులో తీసుకున్నాం. రంగు దానికి అంతగా నచ్చలేదు. మంచులో మునిగాక రంగు ఎవరు చూస్తారు? పాత బోర్డుకున్న బైండింగ్స్ దీనికి పడతాయో లేదో ముందే చూపించుకున్నాం, పట్టాయి. ఇది తప్పకుండా అడగండి, అన్ని బోర్డులకీ మర బిగించే చోటు ఒకేలా ఉండదు. కొన్ని కొండల దగ్గర బోర్డు ఒక పూట అద్దెకిచ్చి చూసుకోనిస్తారు. వీలైతే అలా చూశాకే కొనండి.

ఇప్పుడు అసలు మాట. బోర్డు మంచిదైతే అలసట తగ్గుతుంది. ప్రాణానికి హామీ మాత్రం కాదు. క్రెయిగ్ కెల్లీ అని, ఇదే వాషింగ్టన్‌లో పెరిగి, మౌంట్ బేకర్ మీద ఆడి, నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయినవాడు. పోటీలు వదిలి లోతు మంచు కోసం కొండల్లోకి వెళ్ళిపోయాడు. 2003 జనవరిలో కెనడాలో మంచుచరియలు విరిగిపడి చనిపోయిన ఏడుగురిలో ఆయన ఒకడు. ఆయనకి మించిన బోర్డు గాని, నేర్పు గాని మన పిల్లలకి ఉంటాయా?

తాడు కట్టిన హద్దు లోపల కూడా చెట్ల మొదళ్ళ దగ్గర ప్రమాదం ఉంది. ఫర్, హెమ్‌లాక్ చెట్ల కింది కొమ్మలు మంచుని ఆపేస్తాయి కాబట్టి మాను చుట్టూ మంచు గుల్లగా, గొయ్యిలా ఉంటుంది. పైకి కనపడదు. తలకిందులుగా పడితే కాళ్ళు రెండూ బోర్డుకి కట్టేసి ఉంటాయి, కదిలినకొద్దీ మంచు మీద పడుతుంది. ప్రయోగంగా కొంతమందిని అలాంటి గోతుల్లో పెట్టి చూస్తే పదిమందిలో తొమ్మిదిమంది తమంతట తాము బయటికి రాలేకపోయారు. అందుకని తోడు అంటే ఒకే కారులో వెళ్ళడం కాదు, దిగేటప్పుడు ఒకరికొకరు కనపడుతూ ఉండడం. పడబోతుంటే మానుని గాని కొమ్మని గాని పట్టుకోవాలి. పడితే గింజుకోకుండా మొహం ముందు గాలికి చోటు చేసుకోవాలి. తోటివాళ్ళు ముందు తామే తల వైపుకి పక్కనుంచి తవ్వాలి, వదిలేసి సాయం కోసం వెళ్ళిపోకూడదు. ఇవన్నీ ఆ స్నేహితురాలికి ముందే తెలుసు. మా పిల్లకి తెలియదు. నాకు అసలే తెలియదు.

తగ్గింపులో మిగిలిన డబ్బుతో కొత్త హెల్మెట్, మెడలో వేసుకునే ఈల కొన్నాం. హద్దు తాడు దాటకూడదన్నది ఇంటి నియమం. దాటాలనిపించే రోజు వస్తే బీకన్, ప్రోబ్, పార, వాటితోపాటు శిక్షణ, అన్నీ కావాలి. ఇక్కడి నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ శీతాకాలంలో రోజూ మంచుచరియల ప్రమాదం ఎంతుందో చెబుతుంది, ఉచితంగా తరగతులు కూడా పెడుతుంది. ఈసారి తరగతికి నేనూ వెళ్తున్నాను. బోర్డు ఎక్కడానికి కాదు, ఇంటికొచ్చిన పిల్ల చెప్పేది అర్థం కావడానికి.

పిల్లలు ఇలాంటిది అడిగినప్పుడు మనకి రెండు దారులే తెలుసు. వద్దు అనడం, లేదా కార్డు ఇచ్చేయడం. రెండింటిలోనూ మనం ఆ విషయం తెలుసుకోం. పక్కన కూర్చుని ఎంచితే, బోర్డు సంగతి అలా ఉంచండి, పిల్ల పడిన సంగతి రెండు వారాలు దాచాల్సిన అవసరం ఉండదు.

బోర్డు మెట్ల కింద అర పక్కన నిలబెట్టి ఉంది. మైనం పట్టించడం మావారి వంతు. కొండ మీద మొదటి మంచు పడిందని నిన్న సాయంత్రం మా అమ్మాయే చెప్పింది. ఎప్పుడు వెళ్తున్నావని నేను అడగలేదు. ఎవరితో వెళ్తున్నావని అడిగాను.