పాలపద్దు రాస్తాం... పెద్దామె బాధ రాయమా?

“వేడి చేసిందిలే, కాసిని బార్లీ నీళ్ళు తాగు, అదే పోతుంది.” ఒంటేలుకి వెళ్తే మంటగా ఉందని ఇంట్లో పెద్దామె అంటే మనం చెప్పే మొదటి మాట ఇదే. అసలు ఆవిడ నోరు విప్పి చెప్పడమే గొప్ప! కొడుకుతో చెప్పలేదు, కోడలితో చెప్పాలంటే నామోషీ. మాటిమాటికీ లేవాల్సి వస్తుందని నీళ్ళు తాగడమే తగ్గించేస్తుంది. దాంతో బాధ ఇంకా ముదురుతుంది. పాచిపెంట కొండల మీది ఊళ్ళో అయితే మరీనూ. చీకట్లో బయటికెళ్ళాలి, జ్వరమొస్తే డోలీ కట్టి కిందికి దింపాలి. ఇంతమందిని ఇబ్బంది పెట్టడం కంటే ఓర్చుకోవడమే నయం అనుకుంటుంది ఆ తల్లి.

ఆమె పేరు కాగితాల్లో లేకపోలేదు. పింఛను జాబితాలో ఉంది. ఆశా కార్యకర్త నింపే పత్రంలో అరవై దాటినవాళ్ళకి ప్రత్యేకంగా ప్రశ్నలున్నాయి: నడుస్తుంటే తూలుతున్నారా, స్నానానికీ మరుగుదొడ్డికీ సాయం కావాలా, అయినవాళ్ళ పేర్లు మర్చిపోతున్నారా... మంచి ప్రశ్నలే. “ఈ నెలలో మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చిందా? ఎవరు తేల్చారు? ఏ మందు వాడారు?” అని కూడా వాటి పక్కన అడగాలని నా వాదన.

ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. అమెరికాలో వృద్ధులుండే నర్సింగ్ హోముల్లో 1987 నాటి చట్టం ప్రకారం ప్రతి ఒక్కరి ఆరోగ్యస్థితినీ ఒక పత్రంలో నమోదు చేస్తారు. మిగతా జబ్బులకి ఏడు రోజులు వెనక్కి చూస్తే, మూత్ర ఇన్ఫెక్షన్‌కి మాత్రం 30 రోజులు చూస్తారు. పైగా ఊరికే రాసేస్తే ఒప్పుకోరు. డాక్టరు నిర్ధారించి రాయాలి, లక్షణాలూ పరీక్షా నిర్ణీత ప్రమాణాలకు సరిపోవాలి. 2017 నుంచి ఈ రెండూ ఉంటేనే నమోదు.

అంత పట్టుదల ఎందుకంటే, పెద్ద వయసులో ఏ బాధా లేకుండానే మూత్రంలో సూక్ష్మజీవులు కనిపించడం మామూలు. ఇలాంటి చోట్ల ఉండే స్త్రీలలో పాతిక నుంచి యాభై శాతం మందికి అలా ఉంటుంది. వాళ్ళకి మందు అక్కర్లేదు. ముసలామె తికమకగా మాట్లాడిందని మూత్రం పరీక్ష చేయించి, అందులో సూక్ష్మజీవులున్నాయని యాంటీబయాటిక్ వేసేస్తే అసలు కారణం మరుగున పడిపోతుంది. అది ఒంట్లో నీరు తగ్గడం కావచ్చు, షుగర్ పడిపోవడం కావచ్చు.

మన దగ్గర రెండు తప్పులూ జరుగుతున్నాయి. నిజంగా బాధ ఉన్నామెది ఎక్కడా రాయం. పరీక్ష లేకుండా ఎవరో ఇచ్చిన బిళ్ళలు రెండు రోజులు మింగించి ఆపేస్తాం. నెల తిరక్కుండా మళ్ళీ మంట... ఈసారి ఆ మందు పనిచేయదు. ఆసుపత్రికెళ్తే “ఇంతకుముందు ఏం వాడారు?” అంటారు. “తెల్ల బిళ్ళలండీ” అంటాం!

అందుకే ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, మంటా, మాటిమాటికీ వెళ్తోందా, జ్వరం ఎంత, పరీక్షలో ఏమొచ్చింది, మందు పేరు, ఎన్నిరోజులు వాడింది అన్నీ రాయండి. కల్చర్ పరీక్షకి మూత్రం మందు మొదలుపెట్టకముందే ఇవ్వాలి, ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ముట్లుడిగాక హార్మోను తగ్గడం వల్ల కూడా ఈ ఇన్ఫెక్షన్ పదేపదే వస్తుంది. దానికి వైద్యం ఉంది, అడిగితే డాక్టరు చెబుతారు.

పట్నంలో వృద్ధాశ్రమానికి వెళ్తే గది ఎలా ఉంది, భోజనం ఏమిటి అని అడుగుతాం. “మా అమ్మకి మంట వస్తే ఎక్కడ రాస్తారు? చూపించండి” అని కూడా అడగాలి. జిల్లాకో వృద్ధాశ్రమం ఉండాలని 2007 చట్టం చెప్పింది. ఆశ్రమం కట్టడంతోనే సరిపోదు, అందులో లెక్కా ఉండాలి.

ఇంట్లో ఈ పుస్తకం రాసే పని కూడా కోడలి నెత్తినే పడేయకండి. కన్నకొడుక్కీ అక్షరాలొచ్చు. పాలపద్దు, చాకలిపద్దు తప్పకుండా రాసుకునే మనకి, పెద్దామె బాధకి ఒక్క పేజీ కేటాయించడం కష్టమా? మీరే చెప్పండి!