మూడో ఆడపిల్ల: ‘కరుత్తమ్మ’ చూశాక

ఈ మధ్య ఒక శనివారం సాయంత్రం నాలుగు కుటుంబాల వాళ్లం కలిసి భారతీరాజా ‘కరుత్తమ్మ’ చూశాం. 1994లో వచ్చిన తమిళ సినిమా. ‘సీతాకోకచిలుక’ తీసిన దర్శకుడే కాబట్టి మనకు కొత్తవాడేం కాదు. సినిమా అయ్యాక కాసేపు ఎవరూ నోరెత్తలేదు. తర్వాత ఒక మిత్రుడు “నయం, మన వైపు ఇలాంటివి లేవు” అన్నాడు. ఈ నాలుగు ముక్కలు ఆ మాటకు జవాబుగా రాస్తున్నాను.

ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడోసారీ ఆడపిల్లే పుట్టడంతో మొక్కయ్యన్ అనే పేద రైతు ఆ పసిగుడ్డును చంపెయ్యమని మంత్రసాని చేతికిస్తాడు. ఊరి మాస్టారు కాపాడి తీసుకెళ్లి పెంచుతాడు. చివరికి మంచాన పడ్డ తండ్రికి సేవ చేసేది ఆ కూతురే. పెరియార్ దాసన్ ఆ తండ్రి పాత్రలో జీవించాడు. అతన్ని రాక్షసుడిగా చూపించకపోవడమే సినిమాకు బలం. కుటుంబ సంక్షేమం మీద ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు ఊరికే రాలేదు. నాకు పేచీ రెండో సగంతో. పెద్దకూతురి అత్తింటి కథ మొదలయ్యేసరికి విలన్ వస్తాడు, పగ వస్తుంది. విలన్ చచ్చాక మన కోపం చల్లారిపోతుంది. కట్నం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

సినిమా వెనుక ఉన్నది కల్పన కాదు. మదురై జిల్లా ఉసిలంపట్టి ప్రాంతంలో జెముడు పాలు, వడ్లగింజలతో పసికందులను చంపడం గురించి ఇండియా టుడే 1986లోనే రాసింది. అక్కడ ఒకప్పుడు మగపెళ్లివారే ఎదురు డబ్బిచ్చేవారు. మన ఓలి లాంటిదే. వైగై ఆనకట్ట నీళ్లొచ్చి, పంటలతో చేతిలో డబ్బు ఆడాక అది తిరగబడి కట్నమైంది. అంటే దీన్ని తెచ్చిపెట్టింది పేదరికం ఒక్కటే కాదు. చంపకండి, ఇక్కడ వదిలేయండి అంటూ 1992లో జయలలిత ప్రభుత్వం ఊయల పథకం పెట్టింది.

ఇక మన వైపు సంగతి. ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు తమిళనాడులో 2001లో 942, 2011లో 943. అంటే అక్కడ పడిపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 961 ఉన్నది పదేళ్లలో సుమారు 940కి దిగింది. మనలో చాలామంది హెచ్1బీ మీద విమానం ఎక్కింది కూడా ఆ పదేళ్లలోనే. జెముడు పాలు అక్కర్లేదు, స్కానింగ్ సెంటర్ చాలు. లింగ నిర్ధారణను నిషేధిస్తూ చట్టం కూడా ‘కరుత్తమ్మ’ వచ్చిన 1994లోనే వచ్చింది!

సరే, అది ఇండియా అంటారా? 2008లో కొలంబియా యూనివర్సిటీ ఆర్థికవేత్తలు ఆల్మండ్, ఎడ్లుండ్ అమెరికా 2000 జనగణన లెక్కలు తిరగేశారు. చైనా, కొరియా, భారత సంతతి కుటుంబాల్లో మొదటి ఇద్దరూ ఆడపిల్లలైతే, మూడో కాన్పులో వంద మంది ఆడపిల్లలకు 151 మంది మగపిల్లలున్నారు. సహజంగా ఉండాల్సింది 105 దగ్గర. ఇందులో తెలుగువాళ్లెందరో విడిగా లెక్క లేదు. కానీ మొక్కయ్యన్ ఇంట్లోనూ గండం మూడో ఆడపిల్లకే అని గుర్తు చేసుకోండి. ఇక్కడ మంత్రసాని లేదు, ఆకలి లేదు, ఇన్సూరెన్స్ ఉంది.

పైగా ఊళ్లో కట్నం రేటు పెంచింది ఎవరు? అమెరికా సంబంధం అనగానే ఎకరాల్లోనో, హైదరాబాద్ ఫ్లాటులోనో లెక్క మొదలవుతుంది. “మేం అడగలేదు, వాళ్ల అమ్మాయికి వాళ్లు ఇచ్చుకున్నారు” అనే మాట మనందరికీ కంఠతా వచ్చు. మన ఊరి మొక్కయ్యన్‌లు ఆ రేటు చూసే కూతుళ్లను లెక్కపెట్టుకుంటారు.

కిందటేడాది ఇక్కడి ఒక సంఘం వధూవరుల పరిచయ వేదిక దరఖాస్తులో “కట్నం తీసుకోను” అని ఒక గడి పెడదామన్నాను. వివాదమవుతుంది, మగపిల్లల తల్లిదండ్రులు రారు అన్నారు. రాకపోతే మానెయ్యనివ్వండి అన్నాను. మళ్లీ దరఖాస్తులు వచ్చే వేళయింది, మళ్లీ అడుగుతాను. ఈసారి నా పక్కన ఇద్దరు ముగ్గురు, ముఖ్యంగా మగపిల్లల తండ్రులు, నిలబడతారా?