చెప్పుకొనే చోటు

పాలంపేట రామప్ప గుడి 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందింది. అయితే అంతటి ప్రఖ్యాతి గల ఊరిలోనైనా, మారుమూల పల్లెలోనైనా, భర్త చేతి దెబ్బలు తిన్న ఇల్లాలు ఎవరితో చెప్పుకోవాలన్నది ఒకే ప్రశ్న.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి తెలంగాణ వివాహితలలో నూటికి 37 మంది భర్త హింసను చవిచూచినవారే. దేశం మొత్తం మీద హింసకు గురైన స్త్రీలలో సహాయం కోరినవారు నూటికి 14 మంది మాత్రమే. వారిలోనూ అధికులు ఆశ్రయించింది పుట్టింటినే. పోలీసుల దాకా పోయినవారు బహు కొద్దిమంది.

పుట్టిల్లు సర్దుకుపొమ్మంటుంది. పెద్దమనుషులు మగనిచేత మాట యిప్పించి ఆమెను తిరిగి పంపుతారు. కాపురం నిలిచిందా అని చూస్తారే గాని మనిషి నిలుస్తుందా అని విచారించరు.

ములుగు దాకా వెళ్దామంటే, 2023 డిసెంబరు నుండి ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు చార్జీ లేదు. కాని ఎక్కడికి వెళ్లావని నిలదీసే యింటికే సాయంత్రం తిరిగి రావాలి!

ఈ చిక్కును 2005 నాటి గృహహింస చట్టం ఎరిగే వున్నది. బాధితురాలే ఫిర్యాదు చేయనక్కరలేదు. పొరుగువారెవరైనా రక్షణాధికారికి తెలుపవచ్చును. సదుద్దేశంతో తెలిపినవారికి ఏ చిక్కూ రాదు. ఆమెకు ఆ యింట నివసించే హక్కు కూడా ఆ చట్టమే యిచ్చింది. 181కి ఫోను చేస్తే మార్గం చెప్పేవారున్నారు.

అంగన్‌వాడీ కార్యకర్తగాని, మహిళా సంఘం తోటి సభ్యురాలుగాని ఆ ఒక్క మాట చెప్పగలిగితే చట్టం పల్లెకు చేరినట్లే. గోడ కవతల ఏడుపు విన్నవారు అది పరాయి సంసారమని ఊరకుండడం మర్యాద కాదు.