మా ఇంటి సర్వరుకు తాళం వేసిన కథ

మావారి పాత కంప్యూటరును పాతసామాన్లవాడికి వేసేద్దామని ఇంట్లో అందరూ తేల్చేశారు. విండోస్ 10కి కంపెనీవాళ్ళ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది కదండీ, విండోస్ 11 వేద్దామంటే ఆ మిషనుకు సరిపడదుట. నాకేమో మనసొప్పలేదు. బీటెక్ చదివే మా మరిదిగారబ్బాయిని పట్టుకుని, అందులో లైనక్సు వేయించి, అపాచీ అనే వెబ్ సర్వరు పెట్టించాను. పేరు చూసి కంగారుపడకండి. మా ఇంటి వైఫైలో ఉన్న ఏ ఫోనులోనైనా బ్రౌజరు తెరిచి 192.168తో మొదలయ్యే నంబరొకటి కొడితే మా ఇంటి పేజీ కనిపిస్తుంది, అంతే. గడప దాటి బయటికి పోదు.

ఆ పేజీలో ఉన్నది మా అత్తగారి ఊరగాయల నోటుపుస్తకం. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. నూనె మరకలూ, సోలెడు ఆవపిండీ తవ్వెడు ఉప్పూ అంటూ ఆవిడ దస్తూరీ. కుట్టు ఊడి పుస్తకం రెండు ముక్కలయితే ఒకటి నా దగ్గరా, ఒకటి పై వాటాలో ఉండే మా తోటికోడలి దగ్గరా ఉండిపోయాయి. ఎవరి ముక్క వాళ్ళు ఫోటోలు తీసి సర్వరులోకి ఎక్కించాలని ఒప్పందం. అదే కంప్యూటరులో ఇంకో ఫోల్డరులో మావారు పొలం పాసుపుస్తకం, ఇంటి దస్తావేజుల స్కానింగులు దాచారు. తిప్పలు అక్కడే వచ్చాయి.

ఫైళ్ళు పంపడానికి ముందు ఎఫ్‌టీపీ పెట్టుకున్నాం. నేనే పట్టుబట్టి తేలికైనదేదో అది పెట్టమన్నాను. ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు, ఇద్దరం వాడుకున్నాం. పదిరోజులు హాయిగా గడిచాక పిల్లాడు వచ్చి, "పెద్దమ్మా, నా లాప్‌టాప్ నుంచి ఒక ఫోటో పంపు, నీకొకటి చూపిస్తా" అన్నాడు. పంపాను. వాడు వైర్‌షార్క్ అనే సాఫ్టువేరు తెరిచి పెట్టుకున్నాడు. అందులో వరసగా లైన్లు. ఒక లైన్లో నా యూజరు పేరు, దాని కిందే నా పాస్‌వర్డు, అక్షరం పొల్లుపోకుండా. నాకు చెమటలు పట్టాయండీ. ఆ పాస్‌వర్డే నా ఈమెయిలుకీ, బ్యాంకుకీ కూడా! గుర్తుండడం కష్టమని అన్నిటికీ ఒకటే పెట్టుకున్నాను.

వేరే మిషనులో కూర్చుని ఇది పట్టుకోవాలంటే ఇంకొంచెం కిటుకు కావాలిట, కానీ ఒకే వైఫైలో ఉన్నవాడికి అసాధ్యమేమీ కాదుట. మా వైఫై పాస్‌వర్డు తెలియనిదెవరికి? ట్యూషను పిల్లల దగ్గర్నుంచి ఫ్రిజ్ బాగుచేయడానికి వచ్చినతని వరకూ అందరికీ ఇచ్చాం. ఆ రాత్రి అన్నం కూడా తినకుండా బ్యాంకు పాస్‌వర్డు మార్చాను.

ఎఫ్‌టీపీని 1971లో రాసింది మనవాడేనండోయ్. ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్‌లో చదివి ఎంఐటీకి వెళ్ళిన అభయ్ భూషణ్. అప్పట్లో ఆ నెట్‌వర్కులో ఉన్న కంప్యూటర్లే బహు కొద్ది, ఒకరికొకరు తెలిసినవాళ్ళు. తలుపులు బార్లా తీసుకుని పడుకునే పల్లెటూరి కాలం లాంటిది. 1995లో ఫిన్లండులోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో ఎవరో ఇలాగే పాస్‌వర్డులు కాజేస్తే, అక్కడి తాతూ యిలోనెన్ అనే ఆయన ఎస్‌ఎస్‌హెచ్ తయారుచేశాడు. దాని మీద నడిచేదే ఎస్‌ఎఫ్‌టీపీ. పాస్‌వర్డూ, ఫైలూ రెండూ గుర్తుపట్టలేని గుప్తలిపిలో వెళతాయి.

మార్చుకోవడం నేను భయపడినంత కష్టం కాలేదు. లైనక్సులో ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు పెట్టి, పాత ఎఫ్‌టీపీని తీసిపారేశాం. నేను వాడే ఫైల్‌జిల్లాలో ఎఫ్‌టీపీ బదులు ఎస్‌ఎఫ్‌టీపీ ఎంచుకుని, పోర్టు 21 ఉన్నచోట 22 వేశాను. మొదటిసారి కలపగానే పొడుగాటి అక్షరాల వరస చూపించి ఈ సర్వరును నమ్ముతారా అని అడిగింది. నేను చదవకుండా ఓకే నొక్కబోతే పిల్లాడు చెయ్యి పట్టుకున్నాడు. అది సర్వరు వేలిముద్రట. అసలు మిషను దగ్గరికెళ్ళి అక్కడ కనిపించే వరసతో పోల్చుకుని అప్పుడు నొక్కాలిట. ఇంకెప్పుడైనా వేలిముద్ర మారిందని చెబితే, మనం సర్వరును కొత్తగా వేసి ఉండాలి, లేదా మధ్యలో ఎవరో దూరి ఉండాలి.

తరవాత నాకొకటి, తోటికోడలికొకటి వేరువేరు యూజర్లు చేశాం. ఆవిడ యూజరు ఒక్క ఫోల్డరు దాటి దస్తావేజుల వైపు రాకూడదు. ఆవిడ మీద అనుమానం కాదు సుమా, ఆవిడ ఫోను ఎక్కడైనా పోతే? దీనికి సర్వరు సెట్టింగుల ఫైల్లో సీహెచ్‌రూట్ అనే ఏర్పాటుంది. అక్కడ నాకు ఒక పూటంతా పోయింది. కలిపిన మరుక్షణం తెగిపోతోంది. విసుగొచ్చి ఆ ఫోల్డరులో అందరూ అన్నీ చేసుకోవచ్చని 777 హక్కు ఇచ్చేశాను. అసలు తప్పు అదేట! పై ఫోల్డరుకు యజమాని రూటే కావాలి, ఇంకెవరికీ అందులో రాసే హక్కు ఉండకూడదు. దాని లోపల ఇంకో ఫోల్డరు చేసి, దానికి మాత్రం ఆవిడకు హక్కు ఇవ్వాలి. ఇలా సరిచేశాక నోరెత్తకుండా పనిచేసింది.

ఆ లోపలి ఫోల్డరును కూడా వెబ్ పేజీలుండే చోట పెట్టలేదు. వచ్చిన ఫైలు తిన్నగా అక్కడికే చేరితే, అది ఫోటో కాక పీహెచ్‌పీ ప్రోగ్రాము అయి, మన సర్వరులో పీహెచ్‌పీ ఉంటే, ఎవరైనా బ్రౌజరులో దాన్ని తెరవగానే నడిచిపోతుంది. అందుకని బియ్యంలో రాళ్ళు ఏరినట్టు వచ్చినవి చూసి, ఫోటోలైతేనే పేజీలోకి మారుస్తాను.

పాస్‌వర్డు బదులు కీ పెట్టుకోవడం ఇంకా మేలన్నారు. రెండు ఫైళ్ళు తయారవుతాయి. తాళంకప్ప లాంటిది సర్వరుకిస్తాం, తాళంచెవి మన దగ్గరే ఉంటుంది, దాన్ని ఎవరికీ పంపకూడదు. నా ఉత్సాహం కొద్దీ కీ పనిచేస్తోందో లేదో చూడకుండానే పాస్‌వర్డుతో రావడాన్ని ఆపేశాను. చూస్తే కీ ఫైలు తప్పుచోట పెట్టాను. నా ఇంటి సర్వరులోకి నేనే వెళ్ళలేను! పాత మానిటరూ కీబోర్డూ మళ్ళీ మోసుకొచ్చి తగిలించుకోవలసి వచ్చింది. మావారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వడం నాకు తెలుసు. మీరైతే పాత కిటికీ తెరిచి ఉంచి, రెండో కిటికీలో కీతో లోపలికి వెళ్ళి చూసుకున్నాకే పాస్‌వర్డు ఆపండి.

అమెరికాలో ఉన్న మా ఆడపడుచు తనూ ఫోటోలు పంపుతానంటోంది. దానికోసం రౌటరులో బయటి దారి తెరవనన్నాను. వాట్సాప్‌లో పంపితే నేనే ఎక్కిస్తున్నాను. ఆవిడకు కొంచెం కోపమొచ్చింది, పరవాలేదు. ఈ తాళాలన్నీ దొంగకే గానీ మన పొరపాటుకు కాదు. అందుకని ఆదివారం ఆదివారం అన్నీ ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించి బీరువాలో పెడుతున్నాను.

నిన్న సాయంత్రం తోటికోడలి ముక్కలోంచి మాగాయ పేజీ వచ్చింది. మెంతిపిండి కొలత దగ్గర కొట్టివేసి పక్కన "చాలదు" అని అత్తగారు రాసుకున్నారు. ఆవిడ ఫోనుకు మాత్రం కీ ఇంకా చేయలేదు, పాస్‌వర్డుతోనే వస్తోంది. ఈ ఆదివారం పై వాటాకెక్కి ఆ పని చూడాలి.