పాత ఇంటి అమ్మకానికి వైరింగ్ పరీక్ష తప్పనిసరి చేయించండి

తెలంగాణ ప్రభుత్వ చీఫ్ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ గారికి,



నేను లైసెన్సున్న ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌ని. హైదరాబాద్, సికింద్రాబాద్ పాత కాలనీల్లో ఇళ్ళ వైరింగే నా బతుకుతెరువు. ఈమధ్య పాత ఇల్లు కొనబోయేవాళ్ళు కొందరు బయానా ఇచ్చే ముందు నన్ను పిలిచి చూపిస్తున్నారు. కొందరే. ఎక్కువమంది గృహప్రవేశం అయ్యాక, ఏసీ బిగించాక, ఏదో ఒక స్విచ్‌బోర్డు నల్లబడ్డాక పిలుస్తారు. ఈ వరస మారాలనీ, అందుకు మీ శాఖ పూనుకోవాలనీ అడగడానికే ఈ బహిరంగ లేఖ.

ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళ జాగ్రత్తకు వంక పెట్టలేం. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీస్తారు. లింకు డాక్యుమెంట్లు లాయరు చేతిలో పెట్టి లీగల్ ఒపీనియన్ తీసుకుంటారు. వాస్తు చూపిస్తారు. బోరు ఎంత లోతో, ఎండాకాలం నీళ్ళుంటాయో లేదో ఇరుగుపొరుగుని అడుగుతారు. స్లాబు కారుతుందేమోనని మేడెక్కి చూస్తారు. కరెంటు దగ్గరికొచ్చేసరికి మాత్రం బిల్లు బకాయి లేదు కదా అని అడిగి, మీటరు పేరు మార్పుకి ఏ కాగితాలు కావాలో తెలుసుకుని ఊరుకుంటారు. మీటరు దాటాక గోడల్లో ఏముందన్న ప్రశ్నే రాదు. బ్యాంకు లోను కోసం చేసే వాల్యుయేషన్ రిపోర్టులు నేను చూసినవాటిలో ఎక్కడా మెగ్గర్ (తీగ ఇన్సులేషన్‌ని పరీక్షించే మీటరు) రీడింగు కనబడలేదు.

ఆ గోడల్లో ఏముంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇది చదివే కొనుగోలుదారుల కోసం చెబుతున్నాను. 1970లు, 80లలో కట్టిన ఇళ్ళలో చాలావాటికి అల్యూమినియం తీగే ఉంటుంది. రాగి కరువుగా, ఖరీదుగా ఉన్న రోజులవి. మొదట్లో చెక్క బద్దల మీద క్లిప్పులు కొట్టి లాగేవారు, తర్వాత గోడల్లో పైపులు వేసి లాగారు. అల్యూమినియంని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, స్తంభాల మీద లైన్లన్నీ దానితోనే నడుస్తున్నాయి. కానీ ఇంట్లో సన్నటి తీగని స్క్రూ కింద బిగిస్తే అది ఒత్తిడికి మెల్లగా నలిగి పలచబడుతుంది. వేడెక్కినప్పుడు రాగి కన్నా, ఇత్తడి కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది, చల్లారాక పట్టు వదులుతుంది. పైన ఆక్సైడు పొర కడుతుంది. అలా కొన్నేళ్ళకి ప్రతి జాయింటూ వదులై, అక్కడే వేడి పుడుతుంది.

నాలుగు బల్బులు, మూడు ఫ్యాన్లు, ఒక రేడియో ఉన్నంతకాలం ఆ వేడి ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు 2000 వాట్ల గీజరు ఒక్కటే 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఏసీ, ఇండక్షన్ పొయ్యి, వాషింగ్ మెషీన్ దానికి అదనం. కరెంటు రెండింతలైతే తీగలో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. అందుకే నేను ఇంట్లోకి అడుగుపెట్టగానే ముందు కరెంటు బిల్లు అడుగుతాను. దాని మీద కాంట్రాక్టెడ్ లోడు ఒక కిలోవాట్ అని ఉండి, గోడలకి రెండు ఏసీలు వేలాడుతుంటే సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

మల్కాజిగిరి వైపు ఒక ఇల్లు చూశాను. కింద రెండు గదులు, పైన ఒక పోర్షను, కొత్త రంగులు, అన్ని గదుల్లో మెరిసే మాడ్యులర్ స్విచ్చులు. రీవైరింగ్ చేయించామని యజమాని చెప్పారు, ఆయన మనస్ఫూర్తిగా అలాగే నమ్మారు కూడా. మెయిన్ ఆపి ఫ్రిజ్ వెనకాల బోర్డు విప్పాను. కొత్త ప్లేటు వెనక పాత అల్యూమినియం తీగే ఉంది. పొట్టిగా ఉందని చివర రాగి ముక్క మెలిపెట్టి టేపు చుట్టారు. టేపు కరిగి డబ్బాకి అంటుకుపోయింది. తీగని కొంచెం వంచితే పైతొడుగు పెంకుల్లా రాలింది. ఆకుపచ్చ ఎర్తు వైరు జాడే లేదు. సాకెట్‌లో ఎర్తు టెర్మినల్‌కి పక్కనున్న న్యూట్రల్ నుంచే చిన్న లింకు కొట్టారు. ప్లగ్ టెస్టరు పెడితే అంతా బాగున్నట్టే చూపిస్తుంది. ఎక్కడో ఒకచోట ఆ న్యూట్రల్ తెగిన రోజున ఫ్రిజ్ తలుపు పట్టుకున్నవాళ్ళ గతేమిటో ఆ టెస్టరు చెప్పదు. కొనబోతున్న దంపతుల పిల్ల అప్పుడే నడక నేర్చి, ఆ వంటింట్లోనే తిరుగుతోంది. వాళ్ళు బేరం మానుకోలేదు. రీవైరింగ్ ఖర్చు ధరలో తగ్గించుకుని, సామాను చేరకముందే తీగలన్నీ మార్పించుకున్నారు. పరీక్ష ముందే జరిగింది కాబట్టి అది వీలైంది.

ఎర్తు గురించి ఇంకొక మాట. పాత ఇళ్ళలో చాలాచోట్ల ఎర్తు వైరుని నల్లా పైపుకి చుట్టేవారు. భూమిలోకి పోయే జీఐ పైపు కాబట్టి అప్పట్లో ఎలాగో నడిచింది. తర్వాత తుప్పు పట్టిందని ఆ పైపులు తీసేసి ప్లాస్టిక్‌వి వేశారు. ఆ రోజుతో ఇంటికి ఎర్తు పోయింది. ప్లంబరుకి ఆ సంగతి తెలియదు, ఇంటివాళ్ళకి అంతకన్నా తెలియదు. గొయ్యి తవ్వి ఉప్పు, బొగ్గు వేసి పాతిన ఎర్తు పిట్లయినా అంతే. నీళ్ళు పోయక ఎండిపోయి, పైన టైల్స్ కప్పేసి, ఎక్కడుందో యజమానికే గుర్తుండదు.

మెయిన్ బోర్డు దగ్గర ఇంకో రకం చిక్కు. పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులున్న పాత బోర్డుల్లో ఫేజుకొకటి, న్యూట్రల్‌కొకటి ఉంటాయి. న్యూట్రల్ ఫ్యూజు ముందు పోతే లైటు ఆరిపోతుంది, కరెంటు లేదనుకుని హోల్డరులో చెయ్యి పెడతారు. ఫేజు మాత్రం అక్కడిదాకా వచ్చే ఉంటుంది. ఇక కిట్‌క్యాట్లు తీసేసి ఎంసీబీలు (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్చులు) పెట్టించాం అని చెప్పే ఇళ్ళలో నేను తరచూ చూసేది, ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగకి 32 ఆంపియర్ల ఎంసీబీ. చిన్నది పెడితే మాటిమాటికీ పడిపోతోందని పెద్దది పెట్టారు. అది పడిపోయింది తీగని కాపాడటానికే. ఇప్పుడు ఎంసీబీ పడదు, తీగ కాలుతుంది.

పైగా ఎంసీబీ తీగని కాపాడుతుందే తప్ప మనిషిని కాదు. ఒంట్లోంచి పోయే కొద్ది మిల్లీ ఆంపియర్లు దాని లెక్కలోకే రావు. అందుకు కావలసింది లీకేజీని పసిగట్టి కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. తక్కువ లోడున్నవాటిని మినహాయించి ఇళ్ళకి అది ఉండాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు 2010 నుంచీ చెబుతున్నాయి. పాత ఇళ్ళలో అది కనిపించడమే అరుదు. ఉన్నచోట కూడా ఊరికే పడిపోతోందని బైపాస్ చేసి వదిలేస్తారు. ఎక్కడో లీకేజీ ఉందనో, న్యూట్రలూ ఎర్తూ కలిశాయనో అది చెబుతుంటే దాని నోరు మూయిస్తున్నాం.

2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో పాత భవనం అంటుకుని 17 మంది చనిపోయారు. వాళ్ళలో చిన్నపిల్లలూ ఉన్నారు. షార్ట్ సర్క్యూటే కారణమని అధికారుల ప్రాథమిక అంచనా. ఆ భవనం గురించి తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. కానీ నా అనుభవంలో ఇంటి వైరింగ్ ఒక్క క్షణంలో పాడవదు. జాయింట్లు ఏళ్ళ తరబడి వేడెక్కుతూ వస్తాయి. ఎవరైనా ఒక్కసారి బోర్డు విప్పి చూసి ఉంటే ముందే దొరికేవే అవన్నీ.

అయ్యా, 2003 విద్యుత్ చట్టం 162వ సెక్షన్ కింద ప్రభుత్వం మిమ్మల్ని నియమించింది. కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు లైసెన్సున్న కాంట్రాక్టరు టెస్ట్ రిపోర్టు అడుగుతారు. ఆ తర్వాత ఇల్లు చేతులు మారినా, పైన అంతస్తు లేచినా, లోడు అయిదింతలైనా రెండో రిపోర్టు అడగడం నేనైతే చూడలేదు. సిబ్బందిని పెట్టి ఇల్లిల్లూ తిరగమని నేను అడగను, అది అయ్యే పని కాదు. ఇల్లు అమ్మే సమయం ఒక్కటి పట్టుకోండి చాలు. ఫ్రాన్స్‌లో విద్యుత్ ఏర్పాటు పదిహేనేళ్ళు దాటిన ఇల్లు అమ్మాలంటే 2009 నుంచి పరీక్ష నివేదిక కొనేవాళ్ళ చేతికి ఇచ్చి తీరాలి. బాగుచేసి ఇవ్వమని అక్కడ అమ్మేవాళ్ళని బలవంతపెట్టరు. ఉన్నది ఉన్నట్టు కొనేవాళ్ళకి తెలియాలంటారు, అంతే. మనకీ ఆ పద్ధతి సరిపోతుంది.

మీ శాఖ తరఫున తెలుగులో ఒకే ఒక్క పేజీ ఫారం తయారుచేయండి. తీగ రాగిదా, అల్యూమినియందా. 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక నిమిషం కొడితే ఇన్సులేషన్ ఒక మెగాఓమ్ దాటిందా లేదా. ఎర్తు నిజంగా భూమికి చేరుతోందా. ఆర్‌సీసీబీ బటన్ నొక్కితే పడుతోందా. ఎంసీబీ తీగకి తగినదేనా. వీటికి జవాబులు రాసి లైసెన్సుదారు సంతకం పెట్టాలి, తప్పు రాస్తే లైసెన్సు పోవాలి. మామూలు ఇంటికి ఇది ఒక పూట పని, ఇంటి ధర ముందు దీని ఖర్చు లెక్కలోకే రాదు. పాతికేళ్ళు దాటిన ఇళ్ళ సేల్ డీడ్‌కి ఈ పేజీ జతచేయాలని స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖకి మీరు సిఫారసు రాయండి. ఆ నిర్ణయం వచ్చేలోగా ఫారం అయినా విడుదల చేయండి. అడిగినవాళ్ళందరికీ దాన్ని నింపి ఇవ్వడానికి నాలాంటివాళ్ళం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్