తూటాకు హద్దు ఉండాల్సిందే

‘పెట్రోలు దొరకదట.’ 2024 జనవరి 2న ఈ రెండు ముక్కలే హైదరాబాద్‌ను రోడ్డు మీదికి ఈడ్చాయి. భారతీయ న్యాయ సంహితలోని హిట్ అండ్ రన్ నిబంధనకు నిరసనగా లారీ, ట్యాంకర్ డ్రైవర్లు సమ్మెకు దిగారన్న వార్త రాగానే సగం ట్యాంకు ఉన్నవాడు నిండా పోయించుకున్నాడు, నిండా ఉన్నవాడు సీసా పట్టుకొచ్చాడు. చూస్తుండగానే చాలా బంకుల ముందు ‘నో స్టాక్’ బోర్డులు వేలాడాయి. చంచల్‌గూడలో ఒక డెలివరీ కుర్రాడు బండి పక్కన పెట్టి గుర్రమెక్కి ఆర్డర్ ఇవ్వడానికి బయల్దేరితే, ఆ వీడియో చూసి దేశమంతా నవ్వుకుంది. ఆ రాత్రే కేంద్ర హోం శాఖకూ రవాణా సంఘానికీ మాటలు కుదిరి సమ్మె ఆగింది.

అంతకుముందు 2016 నవంబరులో, నోట్ల రద్దు ప్రకటించిన వారంలోనే, ఉప్పు కరువొస్తోందన్న పుకారు ఉత్తరాదిన పుట్టి మన నగరం దాకా పాకింది. మూడు వైపులా సముద్రమున్న దేశంలో ఉప్పుకు కరువేమిటని అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది. ఇలాంటి రోజుల్లో బజారు ఎలా మారుతుందో పత్తర్‌గట్టి వ్యాపారులకు చెప్పనక్కర్లేదు. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని తిరిగి కట్టిన కాలంలో లేచిన ఆ రాతి కమాన్ల కింద షేర్వాణీలు, అత్తర్లు, ముత్యాలు అమ్మేవాళ్లు కర్ఫ్యూలు చూశారు, పుకార్లు చూశారు, వరదలూ చూశారు. సరుకు కొనేవాడి చేతిని బట్టి అతను అవసరానికి వచ్చాడో, భయపడి వచ్చాడో వాళ్లు ఇట్టే పసిగడతారు.

ఇప్పుడు మరో భయం సంగతి. 2025 జనవరి 16న బీదర్‌లో ఏటీఎం నగదు వాహనం మీద దాడి చేసి ఒకరిని చంపిన దుండగులు అదే రోజు హైదరాబాద్ వచ్చి అఫ్జల్‌గంజ్‌లో ఒక ట్రావెల్స్ ఉద్యోగి మీద కాల్పులు జరిపారు. నయాపూల్ దాటితే అటు అఫ్జల్‌గంజ్, ఇటు మదీనా, పత్తర్‌గట్టి. నగలూ నగదూ చేతులు మారే ఈ బజారులో లైసెన్సు తుపాకి పెట్టుకోవాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే తప్పుపట్టలేం. అయినా ఆ వారం నగరంలో తూటాల కోసం ఎవరూ వరుస కట్టలేదు. పెట్రోలుకు ఎగబడిన నగరమే ఇది. ఉప్పుకు ఎగబడిన నగరమే. మరి తూటాలకు ఎందుకు ఎగబడలేదు?

జవాబు లైసెన్సు పుస్తకంలోనే ఉంది. 1959 ఆయుధాల చట్టం, దాని కింద వచ్చిన 2016 నిబంధనల ప్రకారం ఇచ్చే ప్రతి లైసెన్సులోనూ తుపాకి వివరాల పక్కన ఇంకో రెండు సంగతులు రాసి ఉంటాయి. ఒకేసారి దగ్గర ఉంచుకోదగ్గ తూటాలు ఎన్ని, ఏడాది మొత్తం మీద కొనదగ్గవి ఎన్ని. కౌంటర్ దగ్గరికి వెళ్లినవాడు ముందు పుస్తకం ఇవ్వాలి. డీలరు పాత ఎంట్రీలు చూసి, ఈ ఏడాది ఎన్ని కొన్నారో కూడి, మిగిలిన కోటాలోంచే ఇస్తాడు. తేదీ, రకం, సంఖ్య రాసి ముద్ర వేస్తాడు. అవే వివరాలు షాపు రిజిస్టర్లోనూ ఎక్కుతాయి. పాయింట్ 32 రివాల్వర్ ఉన్నవాడికి పన్నెండు బోరు తూటా ఇవ్వరు. జేబులో ఎంత డబ్బున్నా, మనసులో ఎంత భయమున్నా, అంకె దాటితే సరుకు లేదు. రేపు తనకు దక్కదేమోనన్న బెంగ కూడా అక్కర్లేదు, పక్కవాడు గంపగుత్తగా ఎత్తుకుపోలేడు గనుక.

ఈ హద్దును ఎత్తేయాలని, కనీసం బాగా పెంచాలని కోరే లైసెన్సుదారులు ఉన్నారు. ఆత్మరక్షణ హక్కు ఉన్నప్పుడు తూటాలకు రేషనేమిటని వాళ్ల ప్రశ్న. ఈ కోరికను ప్రభుత్వాలు మన్నించకూడదు. ఎందుకో చెప్పడానికి ముందు హద్దు లేని దేశం వైపు ఒకసారి చూడాలి.

అమెరికాలో 2020లో కోవిడ్, నిరసనలు, ఎన్నికలు ఒకేసారి ముంచుకొచ్చాయి. తుపాకి కొనబోయేవారి నేపథ్యాన్ని ఎఫ్‌బీఐ పరిశీలించే వ్యవస్థకు ఆ ఒక్క ఏడాదే 3.97 కోట్ల వినతులు వచ్చాయి. అంతకుముందు ఏడాది అవి 2.84 కోట్లు. జీవితంలో మొదటిసారి తుపాకి కొన్నవాళ్లే ఆ ఏడాది 84 లక్షల మంది ఉంటారని అక్కడి తుపాకుల పరిశ్రమ సంఘం అంచనా కట్టింది. వాళ్లలో ప్రతి ఒక్కరూ యాభై తూటాల డబ్బాలు రెండే కొన్నారనుకుందాం. ఎనభై నాలుగు కోట్ల తూటాలు కావాలి. అలవాటుగా కొనే పాతవాళ్లు దీనికి అదనం. పైగా వాళ్లు రెండు డబ్బాలతో ఆగలేదు. కనబడిన చోటల్లా కనబడినన్ని కొని అటకెక్కించారు. అదే ఏడాది జూలైలో తుపాకులు, తూటాలు చేసే రెమింగ్టన్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. తూటా అడుగున నిప్పు రాజేసే చిన్న ప్రైమర్ ఉంటుంది. దాని తయారీ పేలుడు పదార్థాలతో పని, నాలుగు రోజుల్లో కొత్త ఫ్యాక్టరీ పెట్టి చేసేది కాదు. అలా కరువు నెలలకు నెలలు సాగింది, ధరలు చుక్కలనంటాయి.

అంతకుముందూ ఇదే కథ. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో పిల్లల్ని కాల్చి చంపిన ఘటన తర్వాత ప్రభుత్వం ఆంక్షలు పెడుతుందన్న భయంతో జనం దుకాణాలు ఊడ్చేశారు. ప్రభుత్వమే తూటాలన్నీ కొనేస్తోందన్న పుకారు దానికి తోడైంది. పిల్లలకు గురి నేర్పే పాయింట్ 22 తూటా కూడా దొరకలేదు. కొన్ని పోలీసు శాఖలు శిక్షణ తగ్గించుకున్నాయి. చివరికి 2013లో వాల్‌మార్ట్ మనిషికి రోజుకు మూడు డబ్బాలకు మించి ఇవ్వనని చెప్పాల్సి వచ్చింది. చట్టం గీయని గీతను దుకాణదారు గీశాడు, అదీ అల్మారాలు ఖాళీ అయ్యాక!

ఆ దేశంలో మన తెలుగువాళ్లు లక్షల్లో ఉన్నారు. 2017లో కాన్సస్ రాష్ట్రం ఒలాథేలో శ్రీనివాస్ కూచిభొట్ల హత్య తర్వాత ఆ ఇళ్లలోనూ తుపాకి మాట వినబడింది. భయం అర్థమయ్యేదే. కానీ కొన్న తుపాకి ఎవరి మీద పేలుతుందో ముందే చెప్పలేం. తెలంగాణ నుంచి చదువుకోడానికి వెళ్లిన ఒక కుర్రాడు 2024లో తన వేట తుపాకి ప్రమాదవశాత్తు పేలి, అదీ పుట్టినరోజు నాడు, చనిపోయాడు. అక్కడున్న మన సంఘాలు వీసాల మీద, పన్నుల మీద సదస్సులు పెడుతున్నాయి. ఇంట్లో తుపాకి ఉన్నవాళ్లకు భద్రత పాఠం కూడా ఒకటి చేర్చితే మంచిది.

కోటా పెంచాలనేవారి వాదనలకు వద్దాం. అభ్యాసం లేకపోతే ఆపదలో చేయి వణుకుతుందంటారు. నిజమే. అభ్యాసం రేంజిలో చేయండి, అక్కడే తూటా తీసుకుని అక్కడే కాల్చి, ఖాళీ తొడుగులు అక్కడే లెక్క అప్పజెప్పి రండి. అందుకోసం ఇంటి బీరువాలో డబ్బాలు పేర్చనక్కర్లేదు. ఆత్మరక్షణ కోసం తుపాకి తీసుకున్న వర్తకుడు జీవితం మొత్తంలో ఆ పని కోసం ఒక్క తూటా కూడా వాడాల్సిన పరిస్థితి బహుశా రాదు. రాకూడదనే కదా మనం కోరుకునేది.

దొంగలకు కోటా లేదు, మాకెందుకంటారు. వినడానికి బాగుంది. కానీ దొంగ చేతికి చేరే ఫ్యాక్టరీ తూటా చాలావరకు ఎక్కడో ఒకచోట చట్టబద్ధంగా అమ్ముడై, లెక్క తప్పి, జారిపోయినదే అయి ఉండాలి. ఇళ్లలో నిల్వ పెరిగితే జారే దారులూ పెరుగుతాయి. లైసెన్సున్న ప్రతి చేయీ నిదానమైనదన్న భరోసా కూడా లేదు. 2020 డిసెంబరు 18న ఆదిలాబాద్ తాటిగూడలో ఒక రాజకీయ నాయకుడు గొడవలో తన లైసెన్సు తుపాకినే పేల్చాడు. గాయపడినవారిలో ఒకరు తర్వాత చనిపోయారు, కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది. పెళ్లి బరాత్‌లో సరదాకు గాల్లోకి కాల్చేవాళ్ల సంగతి సరేసరి. 2019 సవరణ దాన్ని ప్రత్యేక నేరం చేసి రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పెట్టింది. మనిషికి మూడు తుపాకుల హద్దును రెండుకు దించింది కూడా ఆ సవరణే. తుపాకులు తగ్గించి తూటాలు పెంచడం ఏ లెక్క?

ఈ నగరానికి తూటా కరువు కొత్త కాదు. 1948లో భారత ప్రభుత్వం హైదరాబాద్ సంస్థానానికి సరఫరాలు బిగించినప్పుడు నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ దగ్గర కాలం చెల్లిన సరంజామాయే మిగిలింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి రాత్రివేళ విమానాల్లో ఆయుధాలు దొంగచాటుగా దించాడు. సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య అయిదు రోజుల్లో ముగిసింది. భయంతో పోగేసిన ఆ తుపాకులు రాజ్యాన్ని నిలబెట్టలేదు సరికదా, రజాకార్ల చేతుల్లో పడ్డవి పల్లెల్ని కాల్చుకు తిన్నాయి.

అయితే హద్దు పెట్టడంతో సర్కారు బాధ్యత తీరిపోదు. రాసిచ్చిన అంకె మేరకైనా సరుకు దొరకాలి కదా. అది దొరకనప్పుడు లైసెన్సుదారు డీలరు చుట్టూ తిరుగుతాడు, ఎక్కువ ధరకు కొంటాడు, ఈసారి దొరికినప్పుడు మొత్తం కోటా ఒకేసారి తీసేసుకుంటాడు. హద్దు లోపలే చిన్న ఎగబాటు అలా మొదలవుతుంది. పౌరుల పన్నెండు బోరు తూటాలు చాలాకాలంగా ఎక్కువగా ప్రభుత్వ ఖడ్కీ ఫ్యాక్టరీ నుంచి వస్తున్నాయి. 2021 అక్టోబరులో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును ఏడు కంపెనీలుగా విడదీశాక ఆ పని వాటిలో ఒకటైన మ్యూనిషన్స్ ఇండియా చేతిలో ఉంది. సైన్యానికి ముందు ఇవ్వడం సరే. పౌరులకు ఎప్పుడు, ఎంత పంపుతారో మూడు నెలలకోసారి ప్రకటించడానికి అడ్డేమిటి? తేదీ తెలిసినవాడు తొందరపడడు.

షూటింగ్ క్రీడాకారుల సంగతి పూర్తిగా వేరు, దాన్ని వేరుగానే చూడాలి. హైదరాబాద్‌కే చెందిన కైనాన్ చెనాయ్ ఆడే ట్రాప్ పోటీలో అర్హత రౌండుకు 125 మట్టి పళ్లేలు ఎగురుతాయి, ఒక్కోదానికి రెండు సార్లు కాల్చవచ్చు. అంటే ఒక్క పోటీకే 250 తూటాల దాకా. ఇక ఏడాది పొడవునా సాధన ఉంది. ఇషా సింగ్ లాంటివాళ్లు పాయింట్ 22 పిస్టల్‌తో రోజూ గురి చూస్తేనే ఆసియా క్రీడల పతకాలు వస్తాయి. కేంద్రం 2020లో వీళ్ల కోటా పెంచి మంచి పని చేసింది. దిగుమతి అనుమతులూ అంత చురుగ్గా కదలాలి. కానీ వీళ్ల అవసరాన్ని చూపించి తక్కినవాళ్లందరికీ తలుపులు తెరవమనడం కుదరదు.

ఇక రాష్ట్ర పోలీసుల వంతు. ప్రతి ఎన్నికకూ లైసెన్సు తుపాకులు స్టేషన్లో డిపాజిట్ చేయమని కమిషనర్ ఆదేశిస్తారు. 2023 అసెంబ్లీ ఎన్నికలకూ, 2024 లోక్‌సభ ఎన్నికలకూ అదే జరిగింది. తుపాకి నంబరు రాసుకుని రసీదు ఇవ్వడంతో పని అయిపోయిందనుకోకూడదు. ఎన్ని తూటాలు కొన్నాడు, ఎన్ని కాల్చాడు, ఎన్ని మిగిలాయన్నది పుస్తకంతోనూ, డీలరు రిజిస్టర్‌తోనూ సరిచూడాలి. లెక్క తేలనివాడికి ఎన్నికల తర్వాత తుపాకి తిరిగి ఇచ్చే ముందు సంజాయిషీ అడగాలి, తృప్తికరంగా లేకపోతే లైసెన్సు మీద చర్య తీసుకోవాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, రసీదు పుస్తకంలో ఒక గడి పెంచితే చాలు. వచ్చే ఎన్నికల డిపాజిట్ల నాటికే చార్మినార్, మీర్‌చౌక్, అఫ్జల్‌గంజ్ స్టేషన్లలో ఇది మొదలుకావాలి.