బరువు తగ్గించేది ఆటల పీరియడ్ కాదు, అయినా దాన్ని వదులుకోరాదు

2025 మే నెలలో సీబీఎస్ఈ తన బళ్లన్నిటినీ ‘షుగర్ బోర్డు’ పెట్టమంది. పిల్లలు తినే చిరుతిళ్లలో, తాగే కూల్‌డ్రింకుల్లో ఎంత చక్కెర ఉందో, రోజుకు ఎంతకు మించకూడదో గోడ మీద కనిపించాలి. జూలైలో నూనె, కొవ్వుల మీద కూడా అలాంటి బోర్డులే పెట్టమంది. నాలుగు నుంచి పదేళ్ల పిల్లలు తీసుకునే కేలరీల్లో 13 శాతం, పదకొండు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకైతే 15 శాతం చక్కెర నుంచే వస్తున్నాయనీ, ఉండాల్సింది 5 శాతమనీ ఆ ఉత్తర్వు చెప్పింది.

మన బళ్లలో చాలావాటికి ఈ ఉత్తర్వు రాలేదు. పుదుచ్చేరి ప్రభుత్వ బళ్లు సీబీఎస్ఈకి మారాయి కాబట్టి యానాంలో వర్తిస్తుంది. హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూరు వైపు తెలుగు బళ్లు ఎక్కువగా రాష్ట్ర బోర్డుల కింద నడిచేవే. అక్కడ బొద్దుగా ఉన్న పిల్లల గురించి తల్లిదండ్రుల సమావేశంలో మాట వస్తే దొరికే సమాధానం ఒక్కటే: ‘ఇంకాస్త పరుగెత్తించండి.’ ఈ సమాధానం ఎంతవరకు నిజమో చూడాలి. పరిశోధనలు దీనికి పూర్తిగా మద్దతు ఇవ్వడం లేదు.

ఇంగ్లండులో ప్లిమత్ ఊళ్లో సుమారు 200 మంది పిల్లలను ఏడేళ్ల వయసు నుంచి పదేళ్ల దాకా ఏటా పరిశీలించారు. కదలిక తగ్గినందువల్ల పిల్లలు లావయ్యారా, లావైనందువల్ల కదలిక తగ్గిందా అన్నది ప్రశ్న. 2011లో వెలువడిన ఫలితం రెండోదాని వైపే మొగ్గింది. బొద్దుగా ఉన్న పిల్లవాణ్ని బద్ధకస్తుడని తిట్టే ముందు మాస్టార్లు ఒకసారి గుర్తు చేసుకోవాల్సిన సంగతి ఇది. నలుగురి ముందూ బరువు తూచి అంకె పైకి చదివే అలవాటు ఏ బళ్లోనైనా ఉంటే ఈ రోజే మానేయాలి. ఆ పిల్ల మరునాడు ఆటస్థలానికి రాదు.

ఆ దేశంలోనే 54 బళ్లలో మరో ప్రయత్నం చేశారు. ఐదారేళ్ల పిల్లలకు బడిలో రోజూ అరగంట అదనపు వ్యాయామం, ఇంటివాళ్లకు వంట పాఠాలు ఏడాది పాటు ఇచ్చారు. 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2024 నాటి కాక్రేన్ సమీక్ష చాలా అధ్యయనాలను కలిపి చూసి, ఐదు నుంచి పదకొండేళ్ల పిల్లల్లో వ్యాయామ కార్యక్రమాల వల్ల స్వల్పంగా మేలు ఉండవచ్చని తేల్చింది. ‘స్వల్పంగా’ అన్న మాటను వదిలేసి చదవకూడదు.

ఎందుకిలా? హెర్మన్ పాంట్జర్ అనే శాస్త్రవేత్త టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే హడ్జా జనం రోజువారీ శక్తి ఖర్చును కొలిచారు. శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, రోజంతా నడిచే వాళ్ల ఖర్చుకూ కుర్చీలో పనిచేసే అమెరికన్ల ఖర్చుకూ పెద్ద తేడా కనిపించలేదు. 2012లో వచ్చిన ఈ ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది. ఎక్కువ కదిలితే శరీరం మరోచోట ఖర్చు తగ్గించి సర్దుకుంటుందని పాంట్జర్ వాదన. ఎంత సర్దుకుంటుందన్న దానిపై వాదోపవాదాలు నడుస్తూనే ఉన్నాయి. 2025 జూలైలో ఆయన బృందమే 34 జనసమూహాల్లో నాలుగు వేల మందికి పైగా పెద్దవాళ్ల కొలతలతో మరో వ్యాసం వెలువరించింది. దేశాలు సంపన్నమయ్యేకొద్దీ పెరిగే ఊబకాయానికి ప్రధాన కారణం తిండేననీ, కదలిక తగ్గడం వాటా చిన్నదనీ అందులో తేల్చారు.

మన బడి గేటు దగ్గరి లెక్క కూడా ఇదే చెబుతుంది. ముప్పై కిలోల పిల్ల అరగంట గట్టిగా ఆడితే ఉజ్జాయింపుగా 100 నుంచి 150 కేలరీలు ఖర్చవుతాయి. 50 గ్రాముల చిప్స్ పొట్లంలో దాదాపు 270 ఉంటాయి.

అయితే ఆటల పీరియడ్ ఎందుకు అని హెడ్మాస్టరు అడగవచ్చు. మన బళ్లలో ఈ ప్రశ్నకు పదును ఎక్కువ. తెలుగు, రాష్ట్ర భాష, ఇంగ్లీషు, కొన్నిచోట్ల హిందీ కూడా ఒకే టైంటేబుల్లో ఇరికించాలి. పరీక్షలు దగ్గరపడితే మొదట పోయేది ఆటే. మేం దీన్ని ఒప్పుకోం. ఆట వల్ల బరువు తగ్గకపోయినా ఎముక గట్టిపడుతుంది, గుండె బలపడుతుంది, ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది, నిద్ర బాగా పడుతుంది. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున గంట చురుకైన కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది వీటన్నిటి కోసమూను. బరువు తగ్గించే మందుగా ఆటను అమ్మితే, బరువు తగ్గనప్పుడు ఆటనే తీసేస్తారు. మా భయం అదే.

సన్నగా ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇది తమకు సంబంధం లేదనుకోకూడదు. పుణె చుట్టుపక్కల పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1990లలో మొదలుపెట్టిన అధ్యయనంలో, మన శిశువులు ఇంగ్లండు శిశువుల కంటే బాగా తక్కువ బరువుతో పుట్టినా కండ తక్కువగా, కొవ్వు మాత్రం దాదాపు వాళ్లంతే ఉన్నట్టు తేలింది. చూపుకు బక్కగా ఉండి లోపల కొవ్వు దాచుకునే శరీరం మనది. దానికి కండ పెంచే ఆటా కావాలి, పప్పూ గుడ్డూ కావాలి.

ఇక తిండి సంగతి. సీబీఎస్ఈ ఉత్తర్వు మన బళ్లకు రాకపోయినా, ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో చేసిన నిబంధనలు బోర్డుతో సంబంధం లేకుండా అన్ని బళ్లకూ వర్తిస్తాయి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న సరుకులను బడి ఆవరణలోగానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపుగానీ అమ్మకూడదు. యాజమాన్య కమిటీ ఒక తీర్మానం రాసి అధికారులకు పంపగలదు. ఎదురుగా ఉన్న కొట్టు మనవాళ్లదే అయినప్పుడు మొహమాటం ఉంటుందని తెలుసు. చిప్స్ స్థానంలో ఉడికించిన శనగలు, పల్లీలు, అరటిపళ్లు పెట్టమని అడగడం దెబ్బలాట కాదు.

తమిళనాడులో ఉదయపు టిఫిన్ పథకం 2024లో పల్లెల్లోని ఎయిడెడ్ ప్రాథమిక బళ్లకు, 2025 ఆగస్టులో పట్టణాల్లోని వాటికీ వచ్చింది. ఎయిడెడ్ తెలుగు బళ్ల తల్లిదండ్రులు పిల్లలు అది తింటున్నారో లేదో కనుక్కోవాలి. పొద్దున కడుపు నిండిన పిల్లవాడికి పదిన్నరకు కొట్టు గుర్తురావడం తక్కువ.

పొట్లం మీది వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చట్టానికి సరిపోతుంది. తెలుగులో చదివే నాలుగో తరగతి పిల్లకు అవి అందవు. అందుకే మన బళ్లలో చక్కెర బోర్డును పిల్లలే తెలుగులో రాయాలి. రోజుకు 1500 కేలరీలు కావలసిన పిల్లకు 5 శాతం అంటే 75 కేలరీలు, సుమారు 19 గ్రాముల చక్కెర. కోలాలో 100 మిల్లీలీటర్లకు పది, పదకొండు గ్రాములు ఉంటుంది. 250 మిల్లీలీటర్ల సీసా ఎన్ని చెంచాలవుతుందో లెక్కల మాస్టారు చేయించవచ్చు. ఖాళీ పొట్లాలు తెమ్మంటే సోమవారానికి బస్తా నిండుతుంది.